నారాయణగూడ నెత్తురు, గుండెలో ఇనుము

నారాయణగూడ అనగానే ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తొస్తుంది. కొందరికి కేశవ మెమోరియల్, కొందరికి వైఎంసీఏ, కొందరికి దీపక్ టాకీసు, నాబోటి తిండిపోతులకి తాజ్‌మహల్ హోటల్. ఇంట్లో రక్తం అవసరమైన మనిషి ఉన్నవాళ్ళకి మాత్రం ముందు గుర్తొచ్చేది ఐపీఎం. పూర్తి పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ఆ పూర్తి పేరుతో అడిగితే ఆటోవాడు తెల్లమొహం వేస్తాడు, "ఐపీఎం బ్లడ్ బ్యాంకు" అంటే మాత్రం మారు మాట్లాడకుండా తీసుకెళ్ళి దింపుతాడు.

నేను అశోక్‌నగర్‌లో ఉండే రోజుల్నించీ ఈ చుట్టుపక్కల రక్తదాన శిబిరాలు చూస్తూనే ఉన్నాను. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దుట్నించీ గ్రూప్స్ పుస్తకాల మీద వాలిపోయి ఉండే కుర్రాళ్ళు, హాస్టల్లో పప్పుచారు తిని బతికే కుర్రాళ్ళు, శిబిరం అనగానే చొక్కా చెయ్యి మడిచి వరసలో నిలబడతారు. నాయకుల పుట్టినరోజులకీ, హీరోల పుట్టినరోజులకీ, సినిమా వంద రోజులకీ (ఇప్పుడు వంద రోజులు ఆడే సినిమా లేదనుకోండి) శిబిరాలు. రక్తం ఇవ్వటంలో మనవాళ్ళని ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇచ్చిన రక్తం ఎక్కడికి పోతుంది అంటే యాక్సిడెంట్ కేసులు, కాన్పులు, ఆపరేషన్లు అని చెప్తాం. ఇంకో ముఖ్యమైన జాగా ఉంది, దాని గురించే ఈ టపా. ప్రతి రెండు మూడు వారాలకీ రక్తం ఎక్కించుకుంటే తప్ప బతకని పిల్లలున్నారు. జబ్బు పేరు థలసీమియా. ఆ పిల్లల్ని బతికించేది మనమిచ్చే రక్తమే. ఏళ్ళ తరబడి చూస్తే, వాళ్ళ గుండెని దెబ్బ తీసేది కూడా ఆ రక్తంతో లోపలికి వెళ్ళిన ఇనుమే. ఈ చిక్కుని ఎలా విప్పారో, అందులో ఎమ్మారై యంత్రం ఎలా వచ్చిపడిందో చెప్పటమే నా ఉద్దేశం. నేను డాక్టర్ని కాదు, కంప్యూటర్ ముందు కూర్చుని లాగ్ ఫైళ్ళు చదువుకునేవాణ్ణి. అయితే ఈ కథలో ఉన్నది చివరికి కొలతల గొడవే కాబట్టి, కాస్త చొరవ తీసుకుంటున్నాను.

ముందు జబ్బు సంగతి. 1925లో అమెరికాలోని డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు దీన్ని మొదట వర్ణించాడు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లల్లో ఎక్కువగా కనపడటంతో, తర్వాత గ్రీకులో సముద్రం అనే అర్థం వచ్చే మాటతో థలసీమియా అని పేరు పెట్టారు. పేరు చూసి ఇదేదో సముద్రం అవతలి జబ్బు అనుకోవద్దు. మన దేశంలో ఏటా పదివేల మందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. "అది సింధీలకీ పంజాబీలకీ వచ్చేది, మనకి రాదు" అనే మాట హైదరాబాదులో చాలాకాలం వినపడింది. ఖమ్మం జిల్లా నుంచి ఈ పిల్లల గురించి వచ్చిన వార్తలు చదివినవాళ్ళెవరూ ఇక ఆ మాట అనరు.

ఎలా వస్తుందంటే, రక్తంలో ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన జన్యువు దెబ్బతిని ఉంటుంది. ఒక కాపీ మాత్రమే దెబ్బతింటే మనిషికేమీ కాదు, హాయిగా తిరుగుతాడు, తనకి ఈ సంగతి ఉందని కూడా తెలీదు. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకి రెండు కాపీలూ దెబ్బతిన్నవే రావటానికి. ఒకే కుటుంబంలో ఈ జన్యువు తిరుగుతుంటే మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. ఆరు నెలలు దాటేసరికి పాలిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. రక్తం ఎక్కించకపోతే చిన్నప్పుడే పోతుంది.

కాబట్టి రక్తం ఎక్కిస్తారు. ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఒక యూనిట్ రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. కాస్త పెద్దైన పిల్లాడికి ఏడాదికి పాతిక యూనిట్లు ఎక్కించారనుకుందాం. అంటే 5 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు! మరి ఎక్కువైన ఇనుము బయటికి పోదా? పోదు. మన శరీరానికి ఇనుముని దాచుకోవటం తెలుసు గానీ పారేయటం తెలీదు. రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు చర్మం పొట్టుతోనో, పేగుల పొరతోనో రాలిపోతుంది, అంతే. లక్షల ఏళ్ళు తిండిలో ఇనుము చాలక కటకటలాడిన శరీరం కదా, పిసినారి బుద్ధి పోలేదు.

ఈ మిగులు ఇనుము ముందు కాలేయంలో చేరుతుంది. తర్వాత గ్రంథుల్లో, దాంతో ఎదుగుదల, యుక్తవయసు అన్నీ ఆలస్యం. ఆఖరికి గుండె కండరంలో. పాతకాలపు కథ ఒకేలా ఉండేది. పిల్లాడు రక్తం ఎక్కించుకుంటూ బడికి వెళ్ళేవాడు, పదో తరగతి దాకా వచ్చేవాడు, ఇంట్లోవాళ్ళు "ఫరవాలేదు, గట్టెక్కాడు" అనుకునేలోపు ఆయాసం, కాళ్ళ వాపు. గుండె వైఫల్యం మొదలయ్యాక చాలామంది ఏడాది కూడా నిలిచేవారు కాదు. థలసీమియా రక్తానికి సంబంధించిన జబ్బే. ప్రాణం తీసింది మాత్రం చాలామందిలో గుండె.

దీనికి మందు లేకపోలేదు. 1960 ప్రాంతంలో స్విట్జర్లాండ్ కంపెనీ సిబాలో, మట్టిలో ఉండే ఒకరకం సూక్ష్మజీవి నుంచి డెస్‌ఫెరాక్సమీన్ అనే పదార్థాన్ని తీశారు. అది ఇనుముని పట్టుకుని మూత్రంలోనూ మలంలోనూ బయటికి లాక్కొస్తుంది. చిక్కేమిటంటే నోటి ద్వారా పనిచెయ్యదు, ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. అందుకని 1970ల నుంచి పొట్ట చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపుతో రాత్రంతా ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నెమ్మదిగా ఎక్కించటం మొదలుపెట్టారు. వారానికి అయిదు నుంచి ఏడు రాత్రులు. జీవితాంతం. పదిహేనేళ్ళ పిల్లని రోజూ రాత్రి సూది గుచ్చుకుని పడుకోమంటే ఎన్నాళ్ళు పడుకుంటుంది చెప్పండి? పంపు ఖరీదూ మందు ఖరీదూ సరేసరి. మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి అది అందుబాటులో ఉండేదో మీరే ఊహించుకోండి.

తర్వాత మాత్ర వచ్చింది. డెఫెరిప్రోన్. 1980ల్లో లండన్‌లో తయారు చేశారు. ఇక్కడో విశేషం ఉంది. ఈ మాత్రని ప్రపంచంలో అందరికంటే ముందు అమ్మకానికి అనుమతించింది మన దేశం, 1990ల మధ్యలో. సిప్లా వాళ్ళు కెల్ఫర్ అనే పేరుతో తెచ్చారు. యూరప్ 1999లో అనుమతించింది. అమెరికా 2011లో. అంటే మనకంటే పదిహేనేళ్ళు వెనక! దానికి కారణాలు లేకపోలేదు. కొద్దిమందిలో ఈ మాత్ర వల్ల తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, అందుకని తరచూ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆ పైన, అసలిది పనిచేస్తుందా అని కెనడాలో డాక్టర్లకీ కంపెనీకీ మధ్య పెద్ద రగడే జరిగింది. "సూదిమందు అసలైన మందు, మాత్ర పేదవాళ్ళ మందు" అనే అభిప్రాయం చాలాకాలం నడిచింది.

మందు పనిచేస్తోందా లేదా తేల్చుకోవాలంటే కొలవాలి. దేన్ని కొలిచేవారు? రక్తంలో ఫెరిటిన్. చవకైన పరీక్ష, ఏ వీధి ల్యాబ్‌లో అయినా చేస్తారు. ఫెరిటిన్ 2500 దాటకపోతే ఫరవాలేదు, 1000 దగ్గరుంటే బ్రహ్మాండం అని ఒక లెక్క. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే కాలేయంలోంచి సూదితో ముక్క తీసి పరీక్షించేవారు. గుండెకి ఎకో తీసేవారు. ఎకోలో గుండె పంపింగు చివరిదాకా బాగానే కనపడేది. పైగా రక్తహీనత ఉన్నవాళ్ళ గుండె మామూలు కంటే గట్టిగా కొట్టుకుంటుంది కాబట్టి, అంకె ఇంకా అందంగా ఉండేది. ఎకోలో తేడా కనపడేసరికి సమయం మించిపోయేది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ పరిస్థితి బాగా పరిచయం. ప్రతి కంపెనీలోనూ గోడకి ఒక పెద్ద తెర ఉంటుంది, దానిమీద ఆకుపచ్చ దీపాలు వెలుగుతుంటాయి. సర్వర్ మెమరీ ఎంత, నెట్‌వర్క్ ఎంత అని అంకెలు. ఎందుకవే చూపిస్తారంటే అవి కొలవటం తేలిక కాబట్టి. ఓ రాత్రి ఎక్కడో మూల డేటాబేస్ డిస్కు నిండిపోయి అంతా కుప్పకూలుతుంది. గోడమీద దీపాలు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి! కూలేది ఎక్కడో అక్కడ కొలవకుండా, కొలవటం తేలికైన చోట కొలిస్తే జరిగేది ఇదే. ఫెరిటిన్ ఆ పచ్చదీపం లాంటిది. జ్వరం వచ్చినా పెరుగుతుంది, కాలేయానికి వాపొచ్చినా పెరుగుతుంది. అది తగ్గిందని సంబరపడుతుండగానే గుండె ఆగిపోయిన పిల్లలు ఎందరో.

ఇక ఎమ్మారై దగ్గరికి వద్దాం. చాలామందికి ఎమ్మారై అంటే మెదడు, వెన్నుపూస, మోకాలు. పెద్ద అయస్కాంతంలో మనిషిని పెట్టి, ఒంట్లో నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలని రేడియో తరంగంతో ఒక్క తట్టు తడతారు. అవన్నీ ఒకేసారి, ఒకే పౌనఃపున్యంతో తిరుగుతూ సంకేతం పంపుతాయి. మన చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వేదిక మీద యాభై తంబూరాలు పెట్టి అన్నీ ఒకే శృతిలో ఒక్కసారి మీటారనుకోండి. నాదం నిండుగా వస్తుంది, నెమ్మదిగా తగ్గుతుంది. ఇప్పుడు ప్రతి పది తంబూరాలకీ ఒక అల్లరి పిల్లాడు కూర్చుని బిరడాలు అటూ ఇటూ తిప్పేశాడనుకోండి. ఒక్కోటి ఒక్కో శృతిలో పోయి, ఒకదాన్ని ఒకటి చెరిపేసుకుని, కలిసిన నాదం చాలా త్వరగా చచ్చిపోతుంది. గుండె కండరంలో పేరుకున్న ఇనుము రేణువులు ఆ అల్లరి పిల్లలు. ప్రతి రేణువూ తన చుట్టూ చిన్న అయస్కాంత క్షేత్రం కలిగించి, పక్కనున్న నీటి కేంద్రకాల శృతి చెడగొడుతుంది. నాదం ఎన్ని మిల్లీసెకన్లలో పడిపోయిందో కొలిస్తే, ఇనుము ఎంత ఉందో తెలిసిపోతుంది. ఆ కాలానికే టీ-టూ-స్టార్ అని పేరు.

నాకు అన్నింటికంటే నచ్చిన సంగతి ఇంకోటుంది. ఎమ్మారై పుట్టకముందు నుంచీ ఈ శృతి చెడటం అనేది శాస్త్రజ్ఞులకి తలనొప్పి. అయస్కాంతంలో ఉన్న లోపాల వల్ల కూడా ఇదే జరుగుతుంది కదా. దాన్ని తప్పించుకోటానికి 1950లో ఎర్విన్ హాన్ స్పిన్ ఎకో అనే ఉపాయం కనిపెట్టాడు. 1973లో పాల్ లాటర్‌బర్ ఈ సంకేతాలతో బొమ్మ గీయొచ్చని చూపించాడు. ఆయనకీ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కీ 2003లో నోబెల్ వచ్చింది. మంచి బొమ్మ కావాలంటే చాలాసార్లు ఈ స్టార్ గొడవని వదిలించుకోవలసిందే. అలా దశాబ్దాలు దోషంగా చూసినదాన్నే, థలసీమియా పిల్లల గుండె దగ్గర కొలబద్దగా వాడుకున్నారు. మా భాషలో చెప్పాలంటే బగ్ అనుకున్నది ఫీచర్ అయింది.

ఈ పని లండన్ రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో డడ్లీ పెనెల్ బృందం చేసింది. లీసా ఆండర్సన్ మొదటి రచయితగా 2001లో వ్యాసం వచ్చింది. 106 మంది థలసీమియా రోగుల గుండెలు కొలిచారు. ఆరోగ్యమైన గుండెలో ఈ అంకె 40 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. 20కి దిగితే ఇనుము చేరినట్టు. అక్కణ్ణించి కిందికి వెళ్ళేకొద్దీ గుండె పంపింగు కూడా దిగజారుతోంది. అన్నింటికంటే గట్టి దెబ్బ ఏమిటంటే, గుండెలో ఇనుముకీ రక్తంలో ఫెరిటిన్‌కీ సంబంధమే కనపడలేదు. కాలేయంలో ఇనుముకీ గుండెలో ఇనుముకీ కూడా లేదు! అన్నాళ్ళూ నమ్ముకున్న రెండు కొలతలూ, పిల్లల్ని చంపుతున్న అవయవం గురించి ఏమీ చెప్పటంలేదని తేలింది.

అలా ఎందుకు జరుగుతుందో కూడా తర్వాత అర్థమయింది. కాలేయం ఇనుముని గబగబా నింపుకుంటుంది, మందు ఇస్తే గబగబా ఖాళీ చేస్తుంది. గుండె ఆలస్యంగా నింపుకుంటుంది, చాలా నెమ్మదిగా వదులుతుంది. రెండేళ్ళు మందు మానేసి, తర్వాత బుద్ధొచ్చి బాగా వాడిన పిల్లాడి కాలేయం శుభ్రంగా ఉండొచ్చు, ఫెరిటిన్ కూడా తగ్గొచ్చు. గుండెలో పాతబాకీ అలాగే ఉంటుంది.

తర్వాత జరిగింది నాకు సినిమాలా అనిపిస్తుంది. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో థలసీమియా చాలా ఎక్కువ. అక్కడివాళ్ళని లండన్ రమ్మనే బదులు, చక్రాల మీద తిరిగే ఎమ్మారై యంత్రాన్ని లండన్ నుంచి సార్డీనియాలోని కాల్యారి నగరానికి పంపారు. 167 మందికి స్కాన్ చేశారు, అందరూ సూదిమందు వాడుతున్నవాళ్ళే. వాళ్ళలో 65 శాతం మంది గుండెల్లో ఇనుము ఉందని తేలింది. 13 శాతం మందిలో తీవ్రంగా. మంచి వైద్యం అందుతోందనుకున్న చోట ఇదీ పరిస్థితి.

అప్పుడు మళ్ళీ మన "పేదవాళ్ళ మాత్ర" కథలోకి వచ్చింది. గుండెని నేరుగా కొలిచే సాధనం చేతికొచ్చింది కదా, రెండు మందుల్నీ దానితోనే పోల్చి చూశారు. 2006లో వచ్చిన అధ్యయనంలో 61 మందిని రెండు జట్లుగా చేసి ఏడాది చూస్తే, మాత్ర వేసుకున్నవాళ్ళ గుండె టీ-టూ-స్టార్ 27 శాతం మెరుగైంది, సూదిమందు వాళ్ళది 13 శాతం. 2007లో ఇంకోటి, 65 మందితో. సూదిమందుకి తోడు మాత్ర కూడా ఇచ్చినవాళ్ళ అంకె 11.7 నుంచి 17.7కి వెళ్ళింది. సూదిమందు ఒక్కటే వాడినవాళ్ళది 12.4 నుంచి 15.7కి. చిన్న అణువు కాబట్టి మాత్ర మందు గుండె కణాల్లోకి తేలిగ్గా చొరబడగలదు. మన దగ్గర పదేళ్ళ ముందునించీ మందుల షాపులో దొరుకుతున్న మాత్రకి గుండె విషయంలో ఇంత బలం ఉందని, గుండెని కొలిచాక గానీ ప్రపంచానికి రుజువు కాలేదు. ఫెరిటిన్ మీదే ఆధారపడి ఉంటే ఆ వాదన ఇప్పటికీ తెగేది కాదేమో. (2005లో అమెరికా అనుమతి పొందిన డెఫెరాసిరాక్స్ అనే మరో మాత్ర కూడా ఇప్పుడు వాడుకలో ఉంది. ఎవరికి ఏ మందు అన్నది డాక్టరు తేల్చాల్సిన సంగతి, దయచేసి నా మాట పట్టుకుని మందులు మార్చకండి.)

2009లో 652 మంది రోగుల స్కాన్లన్నీ కలిపి చూశారు. స్కాన్ తర్వాత ఏడాదిలో గుండె వైఫల్యం వచ్చిన సందర్భాల్లో 98 శాతంలో అంకె 10 కంటే తక్కువ. 6 కంటే తక్కువ ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఏడాది తిరక్కుండానే గుండె వైఫల్యం. అంటే ప్రమాదం ఎవరి తలుపు తట్టబోతోందో ముందే తెలుస్తోందన్నమాట. తెలిస్తే ఏం లాభం అంటారా? ఇనుము వల్ల దెబ్బతిన్న గుండె, సమయానికి గట్టిగా మందు ఇస్తే తిరిగి కోలుకుంటుంది. అందుకే ఆ అంకెకి అంత విలువ.

ఫలితం బ్రిటన్ లెక్కల్లో కనపడింది. 1980 నుంచి 1999 దాకా థలసీమియా రోగుల్లో ఏడాదికి వెయ్యి మందికి 12.7 మరణాలు. 2000 నుంచి 2003 మధ్య 4.3. ఇనుము వల్ల వచ్చిన మరణాలు ఒక్కటే తీసుకుంటే 7.9 నుంచి 2.3కి, అంటే 71 శాతం తగ్గాయి. యంత్రం ఒక్కటే ఇదంతా చేసిందని నేననను. స్కాన్ ఎవరినీ బతికించదు. ఎవరికి మందు పెంచాలి, ఎవరికి మార్చాలి, ఎవరిని కూర్చోబెట్టి "అమ్మా, ఈ ఏడాది ఒక్క రోజు కూడా మానొద్దు" అని చెప్పాలి అనేది చూపించింది. ఆ చెప్పినట్టు చేశారు, బతికారు. ఆ తర్వాత 2013లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా థలసీమియా గుండె వైద్యం మీద తన పత్రంలో ఈ కొలతకి పెద్దపీట వేసింది.

మళ్ళీ మన ఊరికొద్దాం. ఇక్కడి కథలో మొదటి మలుపు సుప్రీంకోర్టు. డబ్బుకి రక్తం అమ్ముకునే పద్ధతిని ఆపాలని 1996లో తీర్పిచ్చింది, 1998 జనవరి నుంచి అది నిషేధం. అంతకుముందు డబ్బుకి అమ్మిన రక్తంతో కామెర్లూ హెచ్ఐవీ కూడా ఎక్కించుకున్నవాళ్ళలో థలసీమియా పిల్లలు ముందుండేవారు, నెలకి రెండుసార్లు ఆ పూలబాణాల్ని తట్టుకునేది వాళ్ళే కదా. అదే 1998లో హైదరాబాదులో తల్లిదండ్రులూ డాక్టర్లూ కలిసి థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పెట్టుకున్నారు. ఇప్పుడు శివరాంపల్లిలో వాళ్ళ కేంద్రం ఉంది, అక్కడే రక్తం ఎక్కించటం, పరీక్షలు, మందులు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం థలసీమియాని కూడా జాబితాలో చేర్చింది. ఇవన్నీ చిన్న విషయాలు కావు.

అయితే రక్తం శుభ్రమై, దొరకటం తేలికైన కొద్దీ పిల్లలు ఎక్కువకాలం బతుకుతారు. ఎక్కువకాలం బతికితే ఎక్కువ ఇనుము చేరుతుంది. మొదటి సమస్య తీరింది కాబట్టే రెండోది ఇంత పెద్దదైంది. ఇక్కడే మనం వెనకబడ్డాం. హైదరాబాదులో ఎమ్మారై యంత్రాలకి కరువు లేదు. హిమాయత్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా నడుచుకుంటూ వస్తే ఎన్ని స్కానింగ్ బోర్డులు కనపడతాయో లెక్కపెట్టుకోవచ్చు. కానీ బోర్డున్న ప్రతిచోటా గుండె టీ-టూ-స్టార్ చెయ్యరు. ఓ చోట నేను వెళ్ళి అడిగితే కౌంటర్లో అమ్మాయి "మోకాలికా సార్, నడుముకా?" అంది. గుండెకి అంటే, "గుండెకి ఎకో తీస్తారు సార్, పైఫ్లోర్" అని పైకి చూపించింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, అడిగేవాళ్ళు లేనప్పుడు ఆవిడకెలా తెలుస్తుంది?

నిజానికి ఇదేమంత కష్టమైన స్కాన్ కాదు. రంగు ఇంజెక్షను అక్కర్లేదు. గుండె లయకి జోడించి, ఒక్క ఊపిరి బిగపట్టినంతసేపట్లో, గుండె మధ్యగోడ దగ్గర వరసగా కొన్ని బొమ్మలు తీస్తారు. మధ్యగోడే ఎందుకంటే ఊపిరితిత్తుల గాలీ, పక్కనున్న నాళాలూ అక్కడ కొలతని అంతగా పాడుచెయ్యవు. ఆ బొమ్మల్లో వెలుగు తగ్గే తీరుని గీతగా గీసి కాలం కడతారు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది ల్యాబ్‌లో కెపాసిటర్ డిశ్చార్జి గీత గీశాం గుర్తుందా? అచ్చం అదే! కావలసింది యంత్రంలో ఆ సాఫ్ట్‌వేరు, తీయటం తెలిసిన టెక్నీషియను, చదవటం తెలిసిన రేడియాలజిస్టు. ఒక్క జాగ్రత్త. నేను చెప్పిన 20, 10 అంకెలు 1.5 టెస్లా యంత్రానివి. 3 టెస్లా యంత్రంలో అదే గుండెకి అంకె దాదాపు సగానికి దిగుతుంది. "పెద్ద యంత్రం కదా, మంచిది" అని ఒక ఏడాది ఇక్కడా ఒక ఏడాది అక్కడా తీయించి రెండు అంకెలు పోల్చుకుంటే గుండె ఆగినంత పనవుతుంది, ఉత్త పుణ్యానికి. ఒకే చోట, ఒకే రకం యంత్రం మీద తీయించుకోవటం మంచిది.

పిల్లాడు కదలకుండా పడుకుని ఊపిరి బిగపట్టగలిగే వయసుకి, అంటే ఎనిమిది పదేళ్ళకి మొదటి స్కాన్ తీయించి, తర్వాత అంకెని బట్టి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చూసుకోవాలన్నది ఇప్పుడు వైద్యులు చెప్పే పద్ధతి. ఏడాదికి ఒక్క స్కాన్. దాని ఖర్చు రక్తం, మందులు, దారిఖర్చులు, పోగొట్టుకున్న కూలి డబ్బుల పక్కన పెడితే మరీ ఎక్కువ కాదు. కానీ ఖమ్మం పక్క పల్లె నుంచి నెలకి రెండుసార్లు బస్సెక్కి వచ్చే తండ్రికి, పిల్లాడు బాగానే తిరుగుతున్నప్పుడు వేలు పెట్టి గుండె ఫొటో తీయించమంటే ఎలా మనసొప్పుతుంది? ఫెరిటిన్ పరీక్ష వందల్లో అయిపోతుంది. అందుకని అదే చేయిస్తాడు. మళ్ళీ తేలికైన చోటే కొలత.

దీనికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, అసలు ఈ జబ్బుతో బిడ్డ పుట్టకుండా చూసుకోవటం. పెళ్ళికి ముందో, గర్భం వచ్చిన కొత్తల్లోనో హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయించుకుంటే వాహకులో కాదో తెలిసిపోతుంది. జాతకాలూ, కట్నాలూ, అమెరికా వీసాలూ అన్నీ చూస్తాం గదా, ఈ ఒక్క అంకె కూడా చూస్తే పోయేదేముంది? సైప్రస్ లాంటి చిన్న దేశం 1970ల నుంచీ ఇలా చూసుకునే కొత్తగా పుట్టే రోగుల సంఖ్యని దాదాపు లేకుండా చేసుకుంది.

కానీ ఇప్పటికే పుట్టినవాళ్ళ సంగతి? వాళ్ళలో చాలామంది ఇప్పుడు పిల్లలు కాదు. డిగ్రీలు చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. ఇన్నేళ్ళు వాళ్ళని మోసుకొచ్చింది ఐపీఎంలోనో, విద్యానగర్ రెడ్‌క్రాస్‌లోనో, ఏదో కాలేజీ శిబిరంలోనో చెయ్యి చాపిన ముక్కూమొహం తెలీని మనుషులు. మనిషికి ఏడాదికి పాతిక మంది చొప్పున, ఇరవై ఏళ్ళకి అయిదొందల మంది దాతలు! అంతమంది కలిసి నిలబెట్టిన ప్రాణాన్ని, ఒక్క అంకె కొలవక పోగొట్టుకోవటం ఎంత అన్యాయం?

నా ప్రతిపాదన చాలా చిన్నది. శిబిరాలు పెట్టే సంఘాలూ, కంపెనీలూ, అభిమాన సంఘాలూ ఒక పద్ధతి పెట్టుకోవాలి. వంద సీసాల రక్తం సేకరించిన ప్రతి శిబిరం, ఒక్క థలసీమియా రోగి గుండె స్కాన్‌కి డబ్బు కట్టాలి. బ్యానర్లకీ, పూలదండలకీ, మైకుసెట్టుకీ పెట్టేదాంట్లో కొంత తగ్గిస్తే సరిపోతుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో ఏడాదికో స్కాన్ ఖాయంగా ఉండాలని అడగటం ఇంకో పని, అది మనందరం కలిసి అడగాల్సింది. మీకు తెలిసిన ఇంట్లో థలసీమియా మనిషి ఉంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఫెరిటిన్ ఎంత అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగమనండి: "డాక్టరు గారూ, గుండెలో ఎంత?"